పదికి ఎంత

ఆ రోజు ఎవరూ చచ్చిపోలేదు.
అదే నాకొచ్చిన చిక్కు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పెళ్ళివారి నావ
ఒక్కసారి పక్కకి ఒరిగి మళ్ళీ నిలబడింది, అంతే.
పోయినవి రెండే, సున్నుండల డబ్బా,
నా ఎడమకాలి చెప్పు.
ఒడ్డుకి రాగానే అందరూ నవ్వేశారు.
డబ్బా కోసం మా మేనత్త వారం రోజులు ఏడ్చింది.
నేను మాత్రం ఆ నావలోంచి ఇంకా దిగలేదు.

నలభై ఏళ్ళుగా నాది చుట్టుదారే.
నరసాపురం రేవులో నిలబడితే సఖినేటిపల్లి కనిపిస్తుంది,
పొగని బట్టి ఎవరి పొయ్యి ముందు రాజుకుందో చెప్పొచ్చు.
నేనేమో లేసుల సంచి ఒళ్ళో పెట్టుకుని
పాలకొల్లు మీదుగా, చించినాడ వంతెన మీదుగా
బస్సులు మారి వెళ్తాను.
వంతెన వచ్చిందంటే కళ్ళు మూసుకుంటాను.
కండక్టర్ల లెక్కలో నేను గొప్ప భక్తురాలిని.

"కాలవల మధ్య పుట్టి నీళ్ళంటే భయమేంటే?" అంటారు.
తాటిచెట్టు కింద పుట్టినవాళ్ళందరూ
చెట్టెక్కుతారా?

మా కోడలు తీసుకెళ్ళింది పాలకొల్లుకి.
మందుల షాపు మీద గది. మంగతాయారు గారు
ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సు.
ఇప్పుడు సూది లేదట, గోళీ లేదట,
వేళ్ళతో తడతారట.
గోడ మీద మనిషి బొమ్మ, ఒంటినిండా చుక్కలు,
అల్లికకి ముందు మేం కాగితం మీద పెట్టుకునే గుర్తుల్లాగే.

"మీ భయానికి పదికి ఎన్ని మార్కులండీ?"
పన్నెండన్నాను.
ఆవిడ నవ్వకుండా పన్నెండే రాసుకుంది.
అప్పుడే సగం నమ్మేశాను.

కనుబొమ్మ మొదట్లో. కంటి పక్క ఎముక మీద.
ముక్కు కింద. గడ్డం గుంటలో. మెడ కింద ఎముక దిగువ.
రెండు వేళ్ళు, ఏడేసి సార్లు,
పసిపిల్లని జోకొట్టినంత మెత్తగా.
తడుతూ అనాలట:
భయం ఉన్నా సరే, నన్ను నేను ఒప్పుకుంటున్నాను.
ఆ మాట గొంతులో అడ్డం పడింది.
నేను రాసిన లేసుల పద్దునే
మా ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు.
మూడోసారి అన్నప్పుడు ఎందుకో
ఎడమ పాదం చల్లబడింది.

పళ్ళెంలో నీళ్ళు, రెండు.
లాకుల దగ్గర కాలవ, ఆరు.
రేవులో కట్టేసిన పంటు, తొమ్మిది. ఇంటికొచ్చేశాను.
మర్నాడూ తొమ్మిదే.
ఆ మర్నాడు వర్షం. హమ్మయ్య అనుకున్నాను,
అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

మహిమ వేళ్ళలో ఉందా,
ఒక మనిషి గంటసేపు నా చెప్పు కథ వినడంలో ఉందా?
అడిగాను. తెలీదమ్మా అంది ఆవిడ,
డబ్బులు లెక్కపెట్టుకుంటూ.

గురువారం. పంటు మీద మోటారుసైకిళ్ళు,
కొబ్బరికాయల వ్యాను, తాడు నములుతున్న మేక.
ఇనప రేకు పైకి లేచింది, ఒడ్డు వదిలింది.
పది.
"ఏవండోయ్ కరుణమ్మ గారూ, దారి తప్పారా?"
సరంగు కేక. నేను గడ్డం తట్టుకుంటున్నాను.
ఎదురుగా ఒక కుర్రాడు వింతగా చూసి
తనూ తన గడ్డం తట్టుకున్నాడు.
ఇద్దరం కాసేపు అలాగే.
ఎనిమిది.

నడి గోదాట్లో కళ్ళు తెరిచాను.
నీళ్ళు నేననుకున్నట్టు నల్లగా లేవు.
బెల్లం టీ రంగు.
డీజిలు వాసనలో ఎక్కడో సున్నుండల నెయ్యి వాసన,
అది అబద్ధమని తెలుసు, అయినా పీల్చాను.

అవతల రేకు దించేటప్పటికి నాలుగు.
అంతకన్నా తగ్గలేదు. ఆ నాలుగూ నాతోనే దిగింది,
టిక్కెట్టు తీసుకోకుండా.
సాయంత్రం మళ్ళీ దాన్ని వెంటబెట్టుకునే ఎక్కాలి.

రేవు బురద నా ఎడమకాలి చెప్పు పట్టుకుంది.
వంగి, రెండు చేతులా లాగాను.
ఈసారి ఇవ్వలేదు.